కొత్త టపా పడిందని రీడరుకు ఎలా తెలుస్తుంది?

ఫీడ్ రీడర్ చేసే పని చూడటానికి చాలా చిన్నది. చదివే మనిషి తనకు నచ్చిన సైట్ల చిరునామాలను ఒక్కసారి దానికి ఇస్తే చాలు, ఆ సైట్లలో ఎప్పుడు ఏది కొత్తగా వచ్చినా దాని శీర్షిక రీడరులో కనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి స్టీల్ టౌన్‌లో ఒక క్వార్టరులో ఉన్న తెలుగు ఇంటి సంగతే తీసుకోవచ్చు. హైదరాబాదులో ఒకరు రాత్రి పొద్దుపోయాక పెట్టిన కథ, న్యూజెర్సీలో ఇంకొకరు రాసిన వంటకం, తెలుగు వికీపీడియాలో ఎవరో సరిదిద్దిన వ్యాసం, మూడూ తెల్లారేసరికి ఒకే పేజీలో ఉంటాయి. ఆ ఇంటివాళ్లు ఆ రచయితలెవరికీ తమ ఈమెయిలు ఇవ్వలేదు. ఏ సైటులోనూ ఖాతా తెరవలేదు. భిలాయిలో తమను చదివేవాళ్లున్నారని రాసినవాళ్లకూ తెలియదు. మరి కొత్త టపా పడిన కబురు అంత దూరం ఎలా వచ్చింది?

కబురు ఎవరూ పంపలేదు. రీడరే వెళ్లి అడిగి తెచ్చుకుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే ఫీడ్ల వ్యవస్థ మొత్తం, దాని బలంతోనూ బలహీనతతోనూ సహా, అర్థమైపోతుంది.

ఫీడులో ఏముంటుంది

సైటు అనగానే కంటికి కనిపించేది రంగులు, బొమ్మలు, ప్రకటనలు, మెనూలు ఉన్న పేజీ. అదంతా మనుషుల కోసం. చాలా సైట్లు దాని పక్కనే యంత్రాల కోసం మరో ఫైలు పెట్టి ఉంచుతాయి. అందులో అలంకారమేమీ ఉండదు. ఇటీవల వచ్చిన పది పాతిక అంశాల జాబితా, అంతే. ఒక్కో అంశానికి శీర్షిక, లింకు, సారాంశం లేదా పూర్తి పాఠం, తేదీ, ఒక గుర్తింపు ఉంటాయి. ఈ ఫైలే ఫీడ్.

వీటిలో అన్నిటికన్నా కీలకమైనది ఎవరి కంటా పడని ఆ గుర్తింపు. ఈ అంశాన్ని ఇదివరకే చూశామా, లేదా అని రీడరు తేల్చుకునేది దాన్ని చూసే. రచయిత శీర్షిక మార్చినా, అచ్చుతప్పు దిద్దినా గుర్తింపు మారకపోతే రీడరు దాన్ని పాత అంశంగానే లెక్కపెడుతుంది. అదే ఒక బ్లాగు ఒక కంపెనీ సర్వరు నుంచి ఇంకో కంపెనీకి తరలిపోయి, పాత టపాలన్నిటికీ కొత్త గుర్తింపులు వచ్చాయంటే, ఐదేళ్ల కిందటి కవితలు కూడా ఒక్క ఉదయాన కొత్తవై వచ్చి పడతాయి. బ్లాగు ఇల్లు మారినప్పుడల్లా పాఠకులు అనుభవించే గందరగోళానికి కారణం ఇదే.

తేదీ దగ్గరా ఒక చిక్కుంది. ఫీడులో సమయంతో పాటు ఆ సమయం ఏ ప్రాంతపు గడియారానిదో కూడా రాసి ఉంటుంది. చలికాలంలో న్యూజెర్సీలో రాత్రి 9 గంటలకు పెట్టిన టపా భిలాయి గడియారం ప్రకారం మర్నాడు ఉదయం 7.30కి పడినట్టు. రీడరు ఈ లెక్క వేసుకుని వరస పెడుతుంది. అయితే రాసినవారి కంప్యూటరులో తేదీ తప్పుగా ఉంటే? వచ్చే ఏడాది తేదీ వేసుకున్న టపా జాబితా నెత్తిన ఎక్కి దిగనే దిగదు. అందుకే కొన్ని రీడర్లు ఫీడులో రాసిన తేదీని పూర్తిగా నమ్మవు. తాము ఆ అంశాన్ని మొదటిసారి ఎప్పుడు చూశాయో కూడా రాసి పెట్టుకుంటాయి.

అడగడం, మళ్లీ మళ్లీ అడగడం

ఉత్తరం కోసం ఎదురుచూసే మనిషి పోస్టాఫీసు కిటికీ దగ్గరికి వెళ్లి ‘మాకేమైనా వచ్చాయా?’ అని అడిగినట్టే రీడరు ఒక్కో సైటు దగ్గరికి వెళ్లి ఫీడ్ ఫైలు అడుగుతుంది. గంటకొకసారో, అరగంటకొకసారో అడుగుతూనే ఉంటుంది. 100 సైట్ల జాబితా ఉన్న రీడరు గంటకొకసారి అడిగితే రోజుకు 2400 ప్రశ్నలవుతాయి. చాలా బ్లాగుల్లో వారానికి ఒక టపా పడితే గొప్ప. అంటే ఈ ప్రశ్నల్లో నూటికి తొంభై తొమ్మిదికి పైగా ‘ఏమీ రాలేదు’ అనే జవాబుతోనే ముగుస్తాయి. ఏమీ రాకపోయినా ప్రతిసారీ జాబితా మొత్తం పంపుతూ ఉంటే సైటు సర్వరుకు అనవసర శ్రమ, పాఠకుడి డేటాకు దండగ.

దీనికి వెబ్బులోనే ముందునుంచీ ఒక ఉపాయం ఉంది. రీడరు వట్టి చేతులతో వెళ్లదు. ‘నేను పోయినసారి 10 గంటలకు వచ్చాను, అప్పుడు నువ్విచ్చిన ఫైలు మీద ఫలానా ముద్ర ఉంది, ఆ తరవాత ఏమైనా మారిందా?’ అని అడుగుతుంది. మారకపోతే సర్వరు 304 అనే మూడంకెల జవాబు ఇచ్చి ఊరుకుంటుంది. 304 అంటే ‘మార్పు లేదు’ అని. ఫైలు పంపక్కర్లేదు. కిటికీలోని గుమాస్తా తల అడ్డంగా ఊపినంత తేలిగ్గా పని అయిపోతుంది.

రీడరు ఎక్కడ ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. సొంత కంప్యూటరులో పెట్టుకున్న రీడరు తన ఒక్కరి కోసమే తిరుగుతుంది. వెబ్ మీద నడిచే రీడరు అలా కాదు. ఒకే బ్లాగును వెయ్యి మంది చదువుతున్నా వెయ్యి మంది తరఫున ఒక్కసారే అడిగి, వచ్చిన జవాబును అందరికీ పంచుతుంది. 2009లో గూగుల్ ఇంజనీర్లు దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. కొత్త టపా పడగానే సైటు ఒక మధ్యవర్తి సర్వరుకు చెబుతుంది, ఆ మధ్యవర్తి చందాదారులైన రీడర్లకు వెంటనే చేరవేస్తుంది. అడగడానికి వెళ్లే పని తప్పి, ఉత్తరమే గుమ్మంలోకి వస్తుందన్నమాట. పబ్‌సబ్‌హబ్బబ్ అనే నోరు తిరగని పేరుతో మొదలైన ఈ పద్ధతిని 2018లో వెబ్‌సబ్ అనే పేరుతో ప్రమాణంగా ఆమోదించారు.

బాక్సు: ఒక్క గుర్తు తప్పితే

*మామూలు వెబ్ పేజీలో ఒక ట్యాగు మూయడం మరిచిపోయినా బ్రౌజరు సర్దుకుపోతుంది, పేజీ చూపిస్తుంది. ఫీడు అలా కాదు. అది ఎక్స్ఎమ్ఎల్ అనే కట్టుదిట్టమైన పద్ధతిలో రాసిన ఫైలు. తెరిచిన ప్రతి ట్యాగునూ మూయాలి. & లాంటి గుర్తును నేరుగా రాయకూడదు, దానికి విడిగా ఒక సంకేతం ఉంది. రచయిత శీర్షికలో ‘అమ్మ & నేను’ అని రాసి, సాఫ్ట్‌వేరు ఆ గుర్తును మార్చకుండా ఫీడులో పెట్టేస్తే, ఆ ఒక్క టపాతో ఆగదు, నిబంధన ప్రకారం ఫైలు మొత్తం చెల్లదు. ఆ టపా జాబితాలో ఉన్నంతకాలం తరవాత ఎన్ని టపాలు రాసినా పాఠకులకు ఏమీ చేరదు, ఎందుకు చేరడం లేదో రచయితకూ తెలియదు. నిబంధనకు కట్టుబడి పాఠకులను నిరాశపరచడం కన్నా తప్పును సర్దుకుని చదవడమే మేలని చాలా రీడర్లు తరవాతి కాలంలో నిర్ణయించుకున్నాయి.*

ఎవరు మొదలుపెట్టారు

1999 మార్చిలో నెట్‌స్కేప్ కంపెనీ తన పోర్టల్ కోసం ఆర్‌ఎస్‌ఎస్ అనే ఫీడు పద్ధతి తొలి రూపాన్ని విడుదల చేసింది. దాన్ని రూపొందించింది డాన్ లిబీ, ఆర్.వి. గుహ. గుహ ఐఐటీ మద్రాసులో చదివినవారు. నెట్‌స్కేప్ త్వరలోనే దాన్ని వదిలేసింది. యూజర్‌ల్యాండ్ సంస్థకు చెందిన డేవ్ వైనర్ ఒక దారిలో, కొందరు స్వచ్ఛంద నిపుణులు మరో దారిలో దాన్ని నడిపించారు. ఆ రెండో బృందంలో ఆరన్ స్వార్ట్జ్ కూడా ఉన్నాడు. 2000 డిసెంబరులో వాళ్ల ప్రమాణం వెలువడేనాటికి అతనికి 14 ఏళ్లు. 2002లో వైనర్ ఆర్‌ఎస్‌ఎస్ 2.0 తెచ్చాడు. ఈ గొడవలకు విసిగినవాళ్లు ఆటమ్ అనే మూడో పద్ధతిని తయారుచేస్తే అది 2005 డిసెంబరులో ప్రమాణమైంది. పెద్దల మధ్య తగువు ఎలా ఉన్నా రీడర్లు తయారుచేసేవాళ్లు అన్ని రకాల ఫీడ్లనూ చదివేటట్టు రాసుకున్నారు కాబట్టి పాఠకులకు ఇబ్బంది కలగలేదు.

తెలుగు పాఠకుడికి మాత్రం ఇబ్బంది ఉండేది. అది ఫీడులో కాదు, అక్షరంలో.

ఫాంటు పోతే అక్షరం పోతుంది

2000 ప్రాంతాల్లో తెలుగు దినపత్రికల సైట్లు తెలుగులోనే కనిపించేవి. కానీ ఆ పేజీల్లో ఉన్నది నిజానికి తెలుగు కాదు. అప్పటి ఫాంటులో 256 గడులు మాత్రమే ఉండేవి. ఇంగ్లీషు అక్షరాలకు, ఐరోపా భాషల గుర్తులకు కేటాయించిన ఆ గడుల్లోనే తెలుగు అక్షరాల ముక్కలను, తలకట్లను, గుణింతాలను, వత్తులను సర్దేవారు. కంప్యూటరు దృష్టిలో ఆ పేజీ అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాల వరస. దాని మీద ఫలానా ఫాంటు పరిస్తేనే తెలుగు కనిపిస్తుంది. పైగా ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. ఒక పత్రికలో ‘క’ ఉన్న గడిలో ఇంకో పత్రికలో ‘మ’ కొమ్ము ఉండొచ్చు. ఒక పత్రికలోని మాట ఇంకో పత్రికలో వెతికితే దొరకదు.

ఇప్పుడు ఫీడ్ సంగతి గుర్తు తెచ్చుకోవాలి. ఫీడు మోసుకొచ్చేది పాఠాన్ని మాత్రమే, అలంకారాన్ని కాదు. ఫాంటు అలంకారంలో భాగం. కాబట్టి ఫాంటు మీద ఆధారపడ్డ తెలుగును ఫీడులో పెడితే రీడరులో తేలేది ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం. తెలుగు వార్తలకు, తెలుగు రచనలకు ఫీడ్లు ఆలస్యంగా అందడానికి అసలు కారణం ఇదే అనాలి. ఫీడ్ల సాంకేతికత సిద్ధంగా ఉంది. తెలుగు పాఠం తన కాళ్ల మీద తాను నిలబడలేదు.

నిలబెట్టింది యూనికోడ్. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య. ఫాంటు మారితే ఆకారం మారుతుంది గానీ అక్షరం మారదు. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ మామూలు ఇంటి కంప్యూటరులో అది కనిపించే రోజు విండోస్ ఎక్స్‌పీతో, అందులో వచ్చిన గౌతమి ఫాంటుతో గానీ రాలేదు. అప్పుడు కూడా కంట్రోల్ ప్యానెల్లో ప్రాంతీయ భాషల సెట్టింగు తెరిచి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, సీడీ వేసి ఫైళ్లు ఎక్కించుకుంటే తప్ప గుణింతాలు అతుక్కునేవి కావు. ఆ టిక్కు పెట్టని కంప్యూటర్లలో తెలుగు పేజీ తెరిస్తే ఒత్తులు విడిపోయి, కొమ్ములు పక్కకు జరిగి కనిపించేవి. ఆ రోజుల్లో సైబర్ కేఫ్‌లో తెలుగు చదవాలనుకున్నవాళ్లలో చాలామంది ఈ దశలోనే విసిగి వెనక్కి వెళ్లారు.

చదవడం ఒక ఎత్తు, రాయడం మరో ఎత్తు. అమెరికాలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి అప్పటికే నెట్ మీది తెలుగువాళ్లకు అలవాటైంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటను కచ్చితంగా రాసే పద్ధతి అది. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో మొదలుపెట్టిన వెన్న నాగార్జున ‘పద్మ’ అనే సాధనం తయారుచేశారు. ఫైర్‌ఫాక్సు బ్రౌజరులో దాన్ని చేర్చుకుంటే ఈనాడు, వార్త వంటి పత్రికల ఫాంటు తెలుగును అక్కడికక్కడే యూనికోడులోకి మార్చి చూపించేది. పద్మలోని ఆ మార్పిడి పరిజ్ఞానాన్నే ఆధారం చేసుకుని వీవెన్ 2006లో ‘లేఖిని’ని వెబ్ మీద పెట్టారు. ఒక గడిలో ఇంగ్లీషు అక్షరాలు టైపు చేస్తుంటే కింది గడిలో తెలుగు పడుతూ ఉంటుంది. ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు. కాపీ చేసుకుని బ్లాగులో అతికించుకుంటే టపా తయారు. తెలుగు వెబ్బును జనానికి చేరువ చేసిన సాధనాల్లో ఇంత చిన్నదై ఇంత పెద్ద పని చేసింది ఇంకోటి లేదు.

బాక్సు: కంప్యూటరు లోపల ‘తెలుగు’

*‘తెలుగు’ అన్న మాట కంటికి మూడక్షరాలు. యూనికోడులో అది ఆరు సంకేతాలు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. వాటి సంఖ్యలు వరసగా 3108, 3142, 3122, 3137, 3095, 3137. మూడో అక్షరానికీ రెండో అక్షరానికీ ఉన్న కొమ్ము ఒకటే కాబట్టి 3137 రెండుసార్లు వచ్చింది. వెబ్ మీద ప్రయాణించేటప్పుడు ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడతాయి, అంటే మాట మొత్తానికి 18 బైట్లు. ఎత్వాన్ని ‘త’ నెత్తిన ఎక్కించి, కొమ్మును ‘ల’ పక్కన చేర్చి బొమ్మగా చూపించడం చదివేవారి దగ్గరున్న కంప్యూటరు పని. ఫీడు మోసుకొచ్చేది సంఖ్యలనే.*

కూడలి దగ్గర కలిసినవాళ్లు

పాఠం నిలబడింది, రాసే సాధనం దొరికింది, బ్లాగర్, వర్డ్‌ప్రెస్ సైట్లు ప్రతి బ్లాగుకూ అడగకుండానే ఫీడు తయారుచేసి పెడుతున్నాయి. ఇక కావలసింది వీటన్నిటినీ ఒకచోట చూపించే పేజీ. 2006లోనే వీవెన్ ‘కూడలి’ని మొదలుపెట్టారు. కూడలి చేసింది ఫీడ్ రీడరు పనే. తేడా ఏమిటంటే రీడరు ఒక మనిషి కోసం చదువుతుంది, కూడలి వంటి సంకలిని వచ్చిన ప్రతివాళ్ల కోసం చదివి గోడకు అంటిస్తుంది. తరవాత జల్లెడ, హారం, మాలిక కూడా ఇదే పనిలోకి దిగాయి. హిందీలో నారద్, చిట్ఠాజగత్, బ్లాగ్‌వాణి ఇలాంటివే. భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేస్తూ హిందీ బ్లాగులు నడిపినవాళ్లు ఉన్నారు. వాళ్ల రాతలు దేశమంతటి పాఠకులకు చేరింది ఈ సంకలినుల మీదుగానే.

సంకలిని పేజీలో ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చేది కాలమే. నిన్న బ్లాగు తెరిచిన మనిషి మొదటి టపా, ఏళ్లుగా రాస్తున్న పేరున్న రచయిత వందో టపా పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో ఉండేవి. దీని ఫలితం రచనల మీద కనిపించింది. కొత్తగా రాసినవారికి గంటలోనే వ్యాఖ్యలు వచ్చేవి, ఆ వ్యాఖ్యలే మళ్లీ రాయించేవి. పత్రికల గడప తొక్కని గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు, సాఫ్ట్‌వేరు కుర్రాళ్లు, విదేశాల్లో స్థిరపడ్డవాళ్లు రచయితలయ్యారు. ఊళ్ల జ్ఞాపకాలు, వంటలు, పుస్తక పరిచయాలు, పద్యాల మీద చర్చలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. పరిచయాలు పెరిగి, ఈ-తెలుగు పేరుతో జట్టుకట్టి, హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి కంప్యూటరులో తెలుగు రాయడం జనానికి నేర్పారు.

దీనికి మరో ముఖం కూడా ఉంది. బ్లాగుల్లో టపాలకు ఒక ఫీడు, వ్యాఖ్యలకు వేరొక ఫీడు ఉంటాయి. వ్యాఖ్యల ఫీడ్లను కూడా ఒక్కచోట చేర్చడంతో ఎవరు ఎక్కడ ఎవర్ని ఏమన్నారో అందరికీ క్షణాల్లో తెలిసిపోయేది. ఒక మూల జరిగిన మాటామాటా ఊరంతా పాకేది. కాలం వరస కాబట్టి, పేజీ పైన ఉండటం కోసం రోజుకు నాలుగు టపాలు వేసేవాళ్లు కూడా తయారయ్యారు. ఏ వరసకైనా దాన్ని వాడుకునేవాళ్లు పుడతారు. అయినా అందరికీ కనిపించే, అందరికీ అర్థమయ్యే వరసలో ఉన్న న్యాయం ఎక్కువ.

మాట్లాడతారు, చదవలేరు

భిలాయిలో ఫీడు, యూనికోడు పరిజ్ఞానానికి మరో ఉపయోగం ఉంది, దాని గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. 1955 ఫిబ్రవరి 2న భిలాయిలో ఉక్కు కర్మాగారం కోసం భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. కర్మాగారం కట్టడానికి, నడపడానికి దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. విజయనగరం నుంచి రాయ్‌పూర్ వచ్చే రైలు మార్గం ఉండనే ఉంది కాబట్టి ఉత్తరాంధ్ర తెలుగువాళ్లకు భిలాయి మరీ దూరం కాదు. వచ్చినవాళ్ల మనవలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ లేదా ఇంగ్లీషు, బజారులో హిందీ, ఛత్తీస్‌గఢీ. మూడో తరంలో తెలుగు చక్కగా మాట్లాడి, తెలుగు అక్షరం చదవలేనివాళ్లు చాలామంది. వాళ్లకు నాగరి లిపి వచ్చు.

యూనికోడులో భారతీయ లిపులను సర్దిన తీరు ఇక్కడ అక్కరకొస్తుంది. అంతకుముందు భారతదేశంలో తయారైన ఇస్కీ ప్రమాణంలో అన్ని లిపులకూ ఒకే వరస ఉండేది. యూనికోడు ఆ వరసనే ఉంచి ఒక్కో లిపికి ఒక్కో అర ఇచ్చింది. నాగరి ‘క’ సంఖ్య 2325, తెలుగు ‘క’ సంఖ్య 3093. తేడా 768. ‘గ’, ‘మ’, ‘ల’, కొమ్ము, ఎత్వం, ఏది తీసుకున్నా తేడా అదే 768. అంటే తెలుగు టపాలోని ప్రతి సంకేతం నుంచీ 768 తీసేస్తే దాదాపుగా అదే పాఠం నాగరి లిపిలో వస్తుంది. అనువాదం అక్కర్లేదు, నిఘంటువు అక్కర్లేదు, ఒక్క తీసివేత చాలు. ఫీడులో వచ్చేది శుద్ధమైన పాఠం కాబట్టి రీడరుకూ పాఠకుడికీ మధ్య ఈ మార్పిడి సులభంగా చేయొచ్చు. అక్షరముఖ వంటి ఉచిత సాధనాలు వెబ్ మీద ఈ పని చేస్తున్నాయి.

‘దాదాపుగా’ అన్న మాటలో మూడు చిక్కులున్నాయి. ఒకటి, హిందీలో హ్రస్వ ఎ, ఒ లేవు. యూనికోడు నాగరిలో వాటికి గుర్తులు పెట్టారు గానీ హిందీ చదివిన పిల్లలు వాటినెప్పుడూ చూసి ఉండరు. ‘ఎక్కడ’ను మామూలు హిందీ అక్షరంతో రాస్తే మొదటి అచ్చు దీర్ఘమవుతుంది. రెండు, ‘ళ’. మరాఠీ నాగరిలో ఆ అక్షరం ఉంది, హిందీ వర్ణమాలలో లేదు. ‘పెళ్ళి’ దగ్గర హిందీ పాఠకుడు ఆగిపోతాడు. మూడోది అన్నిటికన్నా పెద్దది. హిందీలో మాట చివరి ‘అ’కారాన్ని పలకరు. ‘రామ’ అని రాసి ‘రామ్’ అని చదువుతారు. అదే అలవాటుతో నాగరిలో ఉన్న ‘అమ్మ’ను ‘అమ్మ్’ అని, ‘అక్కడ’ను ‘అక్కడ్’ అని చదివేస్తారు. అచ్చుతో ముగియడం తెలుగు మాట స్వభావం, ఆ అచ్చే పోతే తెలుగు వినిపించదు. అయితే ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన పిల్లవాడు ఒకటి రెండు పేజీలు చదివేసరికి తనే సర్దుకుంటాడు, ఎందుకంటే ఆ మాట వాడి చెవిలో ముందే ఉంది. లిపి మార్చుకుని చదివినవాళ్లు తెలుగు అక్షరాలు నేర్చుకోరన్న భయం కొందరికి ఉంది. అసలు చదవకుండా ఉండటం కన్నా ఇది ఎంతో నయం. తెలుగు పాఠం రుచి తగిలినవారికి అక్షరాలు నేర్చుకోవాలన్న కోరిక కలగడానికి అవకాశమైనా ఉంటుంది.

రీడరు మూతపడ్డాక

2005 అక్టోబరులో వచ్చిన గూగుల్ రీడర్ ఈ రంగాన్ని ఏలింది. వాడకం తగ్గిందంటూ 2013 మార్చిలో గూగుల్ ప్రకటన చేసింది, జులై 1న మూసేసింది. ఫైర్‌ఫాక్సు కూడా 2018 డిసెంబరులో తన బ్రౌజరు నుంచి ఫీడు సదుపాయాన్ని తీసేసింది. ఆలోగానే పాఠకులు ఫేస్‌బుక్కుకూ, ఆ తరవాత వాట్సాప్ గుంపులకూ వెళ్లిపోయారు. తెలుగు సంకలినుల సందడి తగ్గింది.

ఇక్కడ గమనించాల్సింది ఏం పోయింది, ఏం పోలేదు అన్నది. గూగుల్ రీడర్ మూతపడినప్పుడు ఒక్క బ్లాగు కూడా దానివల్ల మూతపడలేదు. ఒక్క ఫీడు కూడా ఆగలేదు. పాఠకులు తమ చందాల జాబితాను ఓపీఎమ్ఎల్ అనే చిన్న ఫైలుగా దించుకుని ఫీడ్లీలోనో, ఇనోరీడర్‌లోనో, మరోదాంట్లోనో వేసుకుని, అవే సైట్లను చదువుకుంటూ పోయారు. మధ్యలో ఉన్న సాధనం పోతే ఇంకో సాధనం వచ్చింది. రచయితకూ పాఠకుడికీ ఉన్న లంకె తెగలేదు. ఒక సామాజిక మాధ్యమం మూతపడితే ఇలా జరగదు, అక్కడి రాతలూ, అనుచరుల జాబితా ఆ కంపెనీ చేతిలోనే ఉంటాయి.

వరస సంగతి కూడా అంతే. సామాజిక మాధ్యమాల్లో ఏది ముందు చూపించాలో కంపెనీ లెక్క తేలుస్తుంది. ఆ లెక్క మనిషిని ఎక్కువసేపు అక్కడే ఉంచడానికి కట్టింది. కోపం తెప్పించేది పైకి వస్తుంది, నెమ్మదైనది కిందికి పోతుంది. భిలాయి వంటి మూడు షిఫ్టుల ఊరిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషికి ఆ రాత్రి జరిగిన మాటల ప్రవాహం మళ్లీ దొరకదు. గుంపులో మూడు వందల సందేశాలు దాటిపోయి ఉంటాయి. ఫీడ్ రీడరులో అతను నిద్రపోయి లేచాక చూసినా, వీక్లీ ఆఫ్ రోజున చూసినా, చదవనివన్నీ చదవనట్టే, వరసలోనే ఉంటాయి. చదవడం అయిపోయాక జాబితా కూడా అయిపోతుంది. ‘ఇక లేదు’ అని చెప్పే సాధనాలు వెబ్ మీద ఇప్పుడు చాలా తక్కువ.

ఫీడ్లు చచ్చిపోయాయనేవాళ్లు రోజూ వాటినే వాడుతున్నారు. పాడ్‌కాస్టుల్లో చాలావాటి వెనక నడిచేది ఆర్‌ఎస్‌ఎస్సే. ఫీడులోని అంశానికి ఆడియో ఫైలు జతచేసే వీలు 2000 నాటి రూపంలోనే వచ్చింది. యూట్యూబులో ప్రతి చానల్‌కూ ఇప్పటికీ ఫీడు ఉంది. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన ప్రతి సైటుకూ ఫీడు దానంతటదే తయారవుతుంది. తెలుగు వికీపీడియాలో ‘ఇటీవలి మార్పులు’ పేజీకీ ఉంది. కొత్తగా మొదలుపెట్టేవారు థండర్‌బర్డ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో గానీ, పైన చెప్పిన వెబ్ రీడర్లలో గానీ తమకు నచ్చిన సైటు చిరునామా ఇచ్చి చూడొచ్చు. చాలాసార్లు ఫీడ్ ఎక్కడుందో రీడరే వెతికి పట్టుకుంటుంది.

ఫీడు ఆగిపోయేది ఒక్కచోటే. తెలుగు సంఘాల ఉగాది ఆహ్వానాలు, కవి సమ్మేళనాల కబుర్లు, సంస్మరణ వ్యాసాలు ఇప్పుడు ఎక్కువగా పోస్టరు బొమ్మలుగా, స్కాను చేసిన పీడీఎఫ్‌లుగా తిరుగుతున్నాయి. బొమ్మలో కనిపించేది తెలుగే, కానీ అందులో తెలుగు పాఠం లేదు. పాత ఫాంటు పేజీల్లో ఏ లోపం ఉండేదో ఇందులోనూ అదే ఉంది. దాన్ని నేరుగా వెతకలేం, నాగరిలోకి మార్చలేం, చూపు తగ్గిన పెద్దవాళ్లకు కంప్యూటరు చేత చదివించలేం, ఫీడులో పాఠంగా పంపలేం. భిలాయిలో గానీ మరో ఊళ్లో గానీ తెలుగు సంఘం నడిపేవారు పోస్టరుతో పాటు అదే విషయాన్ని నాలుగు వాక్యాల్లో యూనికోడులో టైపు చేసి, ఫీడు ఉన్న ఒక చిన్న సైటులో పెట్టాలి. ఇందుకు ఖర్చు లేదు, పట్టే సమయం పది నిమిషాలు.